71 అనే సగటు

తమ్ముళ్లారా, భూమ్మీద నీరెంత అని అడిగితే 71 శాతం అని మీలో ప్రతివాడూ నిద్రలో లేపినా చెప్తాడు. నేనూ అలాగే చెప్పి మార్కు తెచ్చుకున్నాను. ఆ జవాబు తప్పు కాదు. దాంతోనే ఆగిపోవడం తప్పని ఇప్పుడు నా అభిప్రాయం.

ఈసారి స్టడీ అవర్‌లో గ్లోబును కింది వైపు నుంచి చూడండి. అంతా నీలమే. దక్షిణార్ధగోళంలో నూటికి 81 వంతులు నీరు, 19 వంతులే నేల. ఉత్తరార్ధగోళంలో నీరు 61, నేల 39. ఈ 61కీ 81కీ సగటే మన 71. అంటే ఆ అంకె రెండు సగాల్లో దేనిదీ కాదు! హాస్టల్ ట్యాంకు నీళ్లను కూడా తలలతో భాగిస్తే అందరికీ సరిపోతాయి. ఆలస్యంగా లేచినవాడి బకెట్‌ను అడగండి మరి.

ప్రపంచంలోని నేలలో మూడింట రెండు వంతులు, మనుషుల్లో నూటికి 85 మందికి పైగా ఉత్తరం వైపే. మన ఝరాసంగం కూడా ఆ గుంపులోదే. ఇక్కడి నుంచి భూమి నడిబొడ్డు గుండా సూటిగా తవ్వుకుంటూ పోతే తేలేది దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలో. (బోర్లు వేసేవాళ్లకు ఈ మాట చెప్పకండి.)

అయితే ఈ హెచ్చుతగ్గుల వల్లే మనకు వాన. వేసవిలో ఆసియా నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం అంత త్వరగా వేడెక్కదు. దక్షిణ హిందూ మహాసముద్రం మీద బయల్దేరిన గాలి భూమధ్యరేఖ దాటి, అరేబియా సముద్రం మీద మరింత తడి పోగేసుకొని, ఉప్పును సముద్రానికే వదిలి, మన కంది, పెసర చేలమీద వానై కురుస్తుంది. నీళ్లున్న సగం నేలున్న సగానికి ఏటా పంపే వాటా అది.

మరి మనుషులు చేసిన పంపకం? జిల్లా లెక్క తీస్తే మనం నీళ్లున్నవాళ్లమే. మంజీర మీది సింగూరు జలాశయం సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. దాన్ని కట్టింది ముఖ్యంగా హైదరాబాదు దాహం తీర్చడానికి. నగరంలో ఉన్నవాళ్లూ మనవాళ్లే, ఇవ్వొద్దని నేననను. కానీ జహీరాబాదు వైపు రైతు ఆకాశాన్నో, బోరునో నమ్ముకోవలసి వచ్చింది. సోషల్ పాఠంలో ఈ పంపకాన్నీ అర్ధగోళాల పక్కనే చెప్పాలంటాను. సింగూరు నీళ్లను ఇటు ఎత్తిపోసే సంగమేశ్వర పథకానికి శంకుస్థాపన జరిగింది 2022 ఫిబ్రవరిలో. అప్పటికి సింగూరు కట్టి మూడు దశాబ్దాలు దాటింది. నేను ఆ మధ్యలోనే పుట్టి, బడి చదువంతా ముగించాను.