గడప దగ్గరే ఊరు పేరు అడిగి పంపేస్తే ఎలా?



హోసూరులో మన సంఘం ఆఫీసులో ఉన్న రెండు పాత కంప్యూటర్ల సంగతి మీకు తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే ఆ పాత మిషన్లు దానికి పనికిరావు. కొత్తవి కొనేంత డబ్బు మన దగ్గర లేదు. మన కుర్రాళ్లు వాటిలో లైనక్స్ మింట్ వేశారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఫైర్‌ఫాక్స్ ఉంది, ఉత్తరాలకు లిబ్రేఆఫీస్ ఉంది, తెలుగు టైపింగూ ఉంది. హాయిగా పని సాగిపోతోంది.

చిక్కల్లా ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తుతో వచ్చింది. గడువుకు చివరి రోజు సాయంత్రం ఒక తల్లి, కూతురు మార్కుల జాబితా పట్టుకుని ఆఫీసుకు వచ్చారు. సైటు తెరిస్తే, ఈ సిస్టంలో పనిచేయదు, విండోస్‌లో తెరవండి అని చెప్పి ఆగిపోయింది. ఆ వేళకు బ్రౌజింగ్ సెంటర్లు మూసేశారు. అరగంట తిప్పలు పడ్డాక మాలో ఒకరు ఫైర్‌ఫాక్స్‌కు చిన్న యాడ్-ఆన్ తగిలించి, అది తనను తాను "విండోస్‌లో ఉన్న క్రోమ్" అని చెప్పుకునేలా మార్చారు. అదే మిషను, అదే బ్రౌజరు. ఫారం తెరుచుకుంది, ఫొటో ఎక్కింది, రసీదు నంబరు వచ్చింది.

అంటే లోపం మన కంప్యూటర్‌లో లేదన్నమాట. బ్రౌజరు ఏ పేజీ అడిగినా తన పేరు, తాను ఏ సిస్టంలో ఉన్నదీ ఒక వరుసలో చెప్పుకుంటుంది. దాన్ని యూజర్ ఏజెంట్ అంటారు. ఆ సైటు ఆ వరుస చూసి తలుపు వేసేసింది, పని చేయగలదో లేదో చూడనే లేదు. తమాషా ఏమిటంటే, ఆ వరుసను నమ్మడానికే లేదు. క్రోమ్ కూడా ఈనాటికీ "మొజిల్లా" అనే మాటతోనే మొదలుపెడుతుంది. ఒకప్పుడు ఆ పేరు చెప్పినవాటికే కొన్ని సైట్లు మంచి పేజీ ఇచ్చేవి, ఆ అలవాటు అలాగే మిగిలిపోయింది.

అన్నీ ఇలాంటివే అనడం లేదు. డిజిటల్ సంతకం చేసే యూఎస్‌బీ టోకెన్‌కు డ్రైవరు కావాలి. తయారుచేసినవారు లైనక్స్‌కు ఇవ్వకపోతే అది నిజమైన అడ్డే. అలాంటప్పుడు ముందే చెప్పాలి, చివరి రోజున కాదు.

"లైనక్స్ వాడేది ఎంతమంది? వాళ్ల కోసం ప్రత్యేకంగా చేయాలా?" అని మనవాళ్లే కొందరు అన్నారు. ఈ మాట మనకు కొత్తా? తెలుగు పాఠ్యపుస్తకం అడిగినప్పుడు, తెలుగు అయ్యవారిని వేయమన్నప్పుడు విన్నది ఇదే కదా. మనం ప్రత్యేక మర్యాద అడగలేదు, లోపలికి రానివ్వమన్నాం, అంతే. పైగా మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను నడిచేది కూడా లైనక్స్ కెర్నెల్ మీదే.

అయితే వేలు బయటివాళ్ల వైపే చూపలేం. మన సంఘం సర్క్యులర్లు ఇంకా పాత డీటీపీ ఫాంట్లలో, వర్డ్ ఫైళ్లుగా వెళ్తున్నాయి. ఆ ఫాంటు లేని చోట తెలుగు కాస్తా ఇంగ్లిషు అక్షరాల గజిబిజిగా మారిపోతుంది. ఫోనులోనూ అంతే. చదవలేకపోయామని చెప్పినవారికి "మీ ఫోను మార్చండి" అని మనమూ అన్నాం. ఆ సైటు చేసిన పనీ అదే.

కాబట్టి వచ్చే కార్యవర్గ సమావేశంలో మూడు మాటలు పెడుతున్నాం. సర్క్యులర్లన్నీ యూనికోడ్‌లోనే రావాలి. సభ్యత్వ ఫారం బయటపెట్టే ముందు ఒక చవక ఫోనులో, ఆఫీసులోని లైనక్స్ మిషనులో నింపి చూడాలి. అలా అడ్డుకునే సైట్లకు మన లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు రాయాలి.

ఆ అమ్మాయి దరఖాస్తు వెళ్లింది. కిటుకు తెలిసినవారు ఆ సాయంత్రం ఆఫీసులో ఉండబట్టి వెళ్లింది. ఆయన ఆ రోజు రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించి, సమావేశానికి రండి.