ముసురును తిట్టి మాత్ర మింగకండి

ముసురు పట్టిందంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్లు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటారు. ‘రేపు వాన పడుతుంది చూడు, నా కీళ్లు చెబుతున్నాయి’ అనే మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. దాన్ని నవ్వి కొట్టిపారేయక్కర్లేదు. అలాగని నొప్పి భారమంతా వాతావరణం మీద మోపడమూ సరికాదు.

బ్రిటన్‌లో మాంచెస్టర్‌ యూనివర్సిటీ పరిశోధకులు దీర్ఘకాలిక నొప్పులున్న 2,658 మంది స్మార్ట్‌ఫోన్‌లో నమోదు చేసిన నొప్పి వివరాలను వాళ్లున్న చోటి వాతావరణంతో పోల్చి చూశారు. గాలిలో తేమ పెరిగి, వాయుపీడనం తగ్గి, ఈదురుగాలి వీచిన రోజుల్లో నొప్పి కాస్త ఎక్కువైనట్టు 2019లో వెల్లడించారు. ఆ తేడా స్వల్పమే. అమెరికాలో 65 ఏళ్లు దాటిన వారి కోటీ 10 లక్షలకు పైగా ఓపీ వివరాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో మాత్రం వాన రోజుల్లో కీళ్లనొప్పుల కేసులు పెరిగినట్టు కనిపించలేదు. వాతావరణానికి కొంత పాత్ర ఉంటే ఉండొచ్చు, అంతే.

పీడనం తగ్గితే కీలు చుట్టూ కణజాలం కాస్త ఉబ్బుతుందని, చలికి కండరాలు బిగుస్తాయని వివరణలున్నాయి. ఓపీలో నాకు ఎక్కువగా కనిపించే కారణం వేరు. వాన వంకతో నాలుగు రోజులు నడక మానేస్తారు. కదలని కీలు బిగుసుకుపోతుంది.

నా భయం ఆ తర్వాత జరిగేదాని గురించే. ‘వాతావరణం మారిందిలే’ అనుకుని మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చుకుంటారు. డాక్టర్‌ చీటీ లేకుండా అమ్మకూడని డైక్లోఫెనాక్‌ లాంటి పెయిన్‌ కిల్లర్లు అడగ్గానే దొరుకుతున్నాయి. వీటిని రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్‌, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. పేరూ ఊరూ లేని పొడుల జోలికైతే అసలే వెళ్లొద్దు. వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండొచ్చు.

వానను నిందిస్తూ కూర్చుంటే అసలు జబ్బు దాగిపోతుంది. ఉదయం లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుని, వాపు వారాల తరబడి తగ్గకపోతే అది రుమటాయిడ్‌ ఆర్థరైటిస్‌ కావచ్చు. తొలి నెలల్లోనే చికిత్స మొదలుపెడితే వేళ్లు వంకర తిరగకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. జ్వరంతో పాటు కీళ్లు పట్టేస్తే చికున్‌గున్యా, డెంగీలను అనుమానించాలి. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్‌ తప్ప వేరే పెయిన్‌ కిల్లర్‌ వేసుకోకూడదు. ఒక్క కీలే ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మామూలు అరుగుదల నొప్పి అయితే వాన రోజుల్లోనూ ఇంట్లోనే అటూ ఇటూ నడవండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి, 5 సెకన్లు తొడ కండరం బిగించి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు చేయండి. గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. షుగర్‌తో స్పర్శ తగ్గినవారు కాపడం వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి. అధిక బరువుంటే కొన్ని కిలోలు తగ్గినా మోకాలికి ఊరటే.

ఈసారి అమ్మో నాన్నో ‘వాన పడేలా ఉంది, కాళ్లు లాగుతున్నాయి’ అంటే రెండు ప్రశ్నలు అడగండి. ఏ మాత్ర వేసుకుంటున్నారు? ఎన్నాళ్ల నుంచి? జవాబు వారం దాటితే ఆ మాత్రల అట్టతో సహా వాళ్లను డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్‌ పరీక్ష కూడా చేయించండి.