ముప్పై గీతల టీవీ

నిలువు వీడియో అనేది రీల్స్ వచ్చాక పుట్టిన అలవాటనీ, టీవీ మాత్రం పుట్టుకతోనే అడ్డంగా ఉండేదనీ చాలామంది అనుకుంటారు. కాదండీ. 1929లో బీబీసీ ట్రాన్స్‌మిటర్ మీదుగా లండన్‌లో మొదలైన టీవీ ప్రసారాల్లో బొమ్మ నిలువుగానే ఉండేది. ఎత్తు ఏడు పాళ్లయితే వెడల్పు మూడు పాళ్లు. అచ్చం ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌లా! కాకపోతే ఆ బొమ్మ మొత్తానికీ ఉన్నవి 30 గీతలే. ఎదురుగా ఒక్క మనిషి ముఖం ఉంటే ఎవరో పోల్చుకోవచ్చు. ముగ్గురు నిలబడితే కష్టమే.

ఆ టీవీ పెట్టె విప్పితే పిక్చర్ ట్యూబ్ కనిపించదు. పళ్లెం లాంటి పెద్ద గుండ్రటి రేకు, దాన్ని తిప్పే మోటారు, వెనకాల ఒక నియాన్ దీపం ఉంటాయి. రేకు అంచు పొడుగునా 30 చిల్లులు. ఒక్కో చిల్లు దాని ముందుదానికన్నా కాస్త లోపలికి, నత్తగుల్ల చుట్టులా ఉంటుంది. రేకు తిరుగుతుంటే ఒక్కో చిల్లు ఒక్కో గీత గీసుకుంటూ పోతుంది. ఒక చుట్టు తిరిగితే ఒక బొమ్మ. సెకనుకి పన్నెండున్నర చుట్లు. అక్కడ స్టూడియోలో వెలుతురు పెరిగితే ఇక్కడ దీపం పెరుగుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడా తగ్గుతుంది. మిగతా పని మన కన్నే చేసుకుంటుంది. పాల్ నిప్కో అనే జర్మన్ విద్యార్థి 1884లోనే ఈ ఊహకి పేటెంట్ పెట్టాడు. అయితే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే సాధనం అప్పటికి లేదు. అందుకే ఊహ కాగితం మీదే ఉండిపోయింది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చేసి చూడొచ్చు. నేను నల్ల అట్ట మీద కాంపస్‌తో గుర్తులు పెట్టి, సూదితో పొడిచి, బొమ్మకారు మోటారుకి తగిలించాను. తిప్పుతూ చిల్లుల వెనక నుంచి ఎండలో ఉన్న కిటికీ వైపు చూస్తే ఊచలు, వాటి అవతల కొమ్మలు మసగ్గా కనిపించాయి. అట్ట ఆగితే అక్కడ ఉన్నవి వట్టి చిల్లులే. ఓపిక అంతా ఆ చిల్లులు పొడవడంలోనే కావాలి. ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా బొమ్మలో ఆ చోట నల్లగీత పడుతుంది, ఎంతసేపు తిప్పినా పోదు.

ఆ ప్రసారాల వెనకున్న మనిషి స్కాట్లండ్‌కి చెందిన జాన్ లోగీ బెయిర్డ్. ఆయన మొదలుపెట్టిందీ ఇలాంటి అట్టలతోనే. 1923లో హేస్టింగ్స్ అనే సముద్రతీరపు ఊళ్లో ఉంటూ టోపీ పెట్టె, టీ పెట్టె, సైకిల్ లైటు అద్దాలు, సూదులు, లక్క పోగేసుకుని యంత్రం కట్టాడు. 1925 అక్టోబర్ 2న లండన్‌లో ఒక బొమ్మ తలకాయ తెరమీద స్పష్టంగా కనిపించింది. వెంటనే కింది అంతస్తు ఆఫీసులో పనిచేసే విలియం టెయింటన్ అనే కుర్రాణ్ని లాక్కొచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. ఆ వేడికీ వెలుగుకీ కుర్రాడు బెదిరిపోతే చేతిలో రెండున్నర షిల్లింగులు పెట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. మొదటి టీవీ పారితోషికం అన్నమాట!

నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది వేరే ఉంది. 30 గీతల బొమ్మలో సమాచారం ఎంత తక్కువంటే, అది మామూలు రేడియో శబ్దం వెళ్లే దారిలోనే పట్టేస్తుంది. రేడియోలో పెడితే తుమ్మెద ఝుంకారంలా వినిపిస్తుంది. అంటే ఆ బొమ్మని చెవితో వినొచ్చు! మొదట్లో ట్రాన్స్‌మిటర్ ఒక్కటే దొరకడంతో కాసేపు బొమ్మ, కాసేపు గొంతు వంతులవారీగా పంపేవాళ్లు. 1930 మార్చిలో రెండూ కలిశాయి. 1935లో బీబీసీ ఈ ప్రసారాలు ఆపేసింది, ఎలక్ట్రానిక్ టీవీ వచ్చేసింది.

తిరిగే రేకు మాత్రం పోలేదు. 1975లో బ్రిటన్‌లో కొందరు ఔత్సాహికులు నారో బ్యాండ్‌విడ్త్ టెలివిజన్ అసోసియేషన్ పెట్టుకున్నారు. వాళ్లది 32 గీతల పద్ధతి. బొమ్మ శబ్దమే కాబట్టి ఒకప్పుడు క్యాసెట్లలో, తర్వాత సీడీల్లో దాచుకున్నారు. ఇప్పుడు నియాన్ బదులు ఎల్‌ఈడీ. ఫోన్‌లో ఆడియో ఫైల్ ప్లే చేసి, చిన్న యాంప్లిఫయర్ ద్వారా ఎల్‌ఈడీకి ఇస్తే రేకు మీద ముఖం కదులుతుంది. మోటారు వేగం ఒక్క పిసరు తేడా వచ్చిందంటే ఆ ముఖం పక్కకి జారిపోతూనే ఉంటుంది. సగం కుస్తీ దాంతోనే. ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అంటారు, నాకు తెలుసు.

ఆ చాదస్తం చేసిన మేలు చూడండి. 1927లోనే బెయిర్డ్ తన బొమ్మల్ని గ్రామఫోన్ రికార్డుల మీదకి ఎక్కించాడు గానీ, తిరిగి సరిగ్గా చూడలేకపోయాడు. ప్రసారమైన కార్యక్రమాల్ని దాచుకునే ఏర్పాటు బీబీసీకి అప్పట్లో లేదు. 1933 ఏప్రిల్‌లో 'లుకింగ్ ఇన్' అనే నృత్య వినోద కార్యక్రమం వచ్చినప్పుడు మాత్రం ఒక ఔత్సాహికుడు ఇంట్లో కూర్చుని ఆ ఝుంకారాన్ని అల్యూమినియం రికార్డు మీద పట్టుకున్నాడు. ఆ రికార్డు 1990ల్లో బయటపడింది. డొనాల్డ్ మెక్‌లీన్ అనే ఇంజనీరు కంప్యూటర్‌తో అందులోంచి బొమ్మ తీశాడు. ప్రసారమైన టీవీ కార్యక్రమపు రికార్డింగుల్లో మనకి మిగిలినవాటిలో అతి పాతది అదే. అమ్మాయిలు వరసగా కాళ్లెత్తి డాన్సు చేస్తుంటారు. ముఖాలు ఆనవు గానీ అడుగులు తెలుస్తాయి.