కాగితం మీది పుట్టినరోజు

మీ పుట్టినరోజు ఎప్పుడండీ?

అడగ్గానే తేదీ చెప్పేశారా? అయితే ఇంకో ప్రశ్న. ఆ తేదీ మీ అమ్మ చెప్పిందా, బళ్లో మాస్టారు రాసిందా? నవ్వకండి. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఎంతటిదో నాకు మన ఊళ్లో కాదు, మలేసియాలో తెలిసొచ్చింది.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది కదా, నేను ఆ మరుసటేడు పుట్టాను. "నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి వచ్చాను, తెల్లారేసరికి నువ్వు పుట్టావు" అని మా అమ్మ చెప్పేది. అంటే కార్తీక శుద్ధ పంచమి. జననాలు నమోదు చేయించాలని 1969లోనే చట్టం వచ్చింది. కానీ ఇంట్లోనే పురుడు పోసుకున్న మా పల్లె ఆడవాళ్లలో ఎంతమంది వెళ్లి రాయించారు? నన్ను బళ్లో వేసేనాటికి ఐదేళ్లు నిండలేదు. హెడ్మాస్టరుగారు ఒక్క నిమిషం ఆలోచించి "జూన్ 1" అని రాసేశారు. అంతే, ఐదు నెలలు పెద్దదాన్నయిపోయాను. టెన్త్ సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు, పాస్‌పోర్టు, అన్నిట్లోనూ అదే.

అమ్మ మాత్రం ఏటా నాగుల చవితి మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసేది. "తలంటి పోసుకున్నావా? పరమాన్నం వండుకున్నావా?" అని. 2022లో అమ్మ పోయింది. ఆ ఏడు పంచమినాడు ఫోన్ మోగలేదు. మావారికీ, పిల్లలకీ తిథులు పట్టవు. "ఇవాళ నా పుట్టినరోజు" అని మనకి మనం ఏం చెప్పుకుంటాం చెప్పండి? వంట చేసుకుని ఊరుకున్నాను.

2024 వేసవి సెలవుల చివర్లో మావారూ నేనూ ముప్ఫై మంది బృందంతో సింగపూర్, మలేసియా టూర్ వెళ్లాం. సింగపూర్‌లో ఆఖరి రాత్రి. ఊరంతా తిరిగి తిరిగి కాళ్లు లాగుతూ ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాం. రెండున్నరకి ఫోన్ మోగింది. గుండె జారిపోయింది. అత్తయ్యకేమైనా అయిందా అని వణుకుతూ ఎత్తితే, బెంగుళూరులో చదువుతున్న మా అబ్బాయి. "హ్యాపీ బర్త్ డే అమ్మా!" సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. వాడికి పన్నెండు, మాకు రెండున్నర! తిట్టాలో మురిసిపోవాలో తెలియలేదు.

పొద్దున్నే బస్సులో కౌలాలంపూర్ బయల్దేరాం. ఇంచుమించు 350 కిలోమీటర్లు. టూర్ మేనేజర్ కుర్రాడి చేతిలో మా అందరి పాస్‌పోర్టు వివరాల జాబితా ఉంటుంది కదా. మైకు తీసుకుని "ఇవాళ మన ఆంటీగారి పుట్టినరోజు" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు. నాకు సిగ్గేసింది. ఉన్నమాట చెప్పేశాను. "బాబూ, అది నా బడి పుట్టినరోజు. అసలుది కార్తీకమాసంలో."

బస్సంతా ఒకటే నవ్వులు. వెనక సీటులోంచి ఒకావిడ "నాదీ బడిదేనండీ, జూన్ పది" అంది. ఇంకొకావిడది జూన్ పదిహేను. లెక్కపెడితే బస్సులో ఏడుగురం తేలాం. బళ్లు తెరిచేది జూన్‌లో కదా, మాస్టార్ల కలానికి ఆ నెలే తోచేది!

నవ్వు సద్దుమణిగాక, మా ముందు సీటులో ఉన్న తెనాలి పిన్నిగారు వెనక్కి తిరిగారు. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాక కూతురు బలవంతం మీద ఒంటరిగా టూర్‌కి వచ్చారు. "నీకు తిథైనా తెలుసు అమ్మాయ్. నన్ను కన్న పది రోజులకే మా అమ్మ పోయింది. ఏ నెలో కూడా నాకు చెప్పినవాళ్లు లేరు. పాస్‌పోర్టులో జూలై 1 ఉంది, అదెవరు వేశారో దేవుడికెరుక" అన్నారు. ఏడుపుగొట్టుగా కాదు, మామూలుగా, ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినట్టు చెప్పారు.

నా నోట మాట రాలేదు. రెండేళ్లుగా అమ్మ ఫోన్ రాలేదని లోపల్లోపల కుమిలిపోతున్నాను. ఆవిడకి అసలు ఆ ఫోన్ ఎన్నడూ రాలేదు.

ఇంటి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా తీసి ముందు ఆవిడ చేతిలో పెట్టాను. "పిన్నిగారూ, ఇవాళ మనిద్దరి పుట్టినరోజు. సరేనా?" అన్నాను. "నాకెందుకే ఈ వయసులో" అన్నారు గానీ, ఉండ కొరికి "నెయ్యి బాగా వేశావు" అన్నారు.

సాయంత్రం కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ అనే చోట భోజనం. దాన్ని అక్కడ లిటిల్ ఇండియా అంటారు. అరిటాకుల్లో వడ్డిస్తారు. టూర్ కుర్రాడు గుడ్డు లేని కేకు తెప్పించాడు. కొవ్వొత్తి వెలిగించి ఊదమన్నారు. నాకు మనసొప్పలేదు. మంచిరోజున దీపం ఆర్పడం మనకి అలవాటు లేదు కదా. దాన్ని తీసి పళ్లెంలో పక్కన పెట్టించి, అలాగే వెలగనిచ్చాం. కత్తి ఇద్దరం పట్టుకుని కోశాం.

అక్షింతలు లేకపోతే ఏం పుట్టినరోజు? వడ్డించే అమ్మాయిని కాసిన్ని బియ్యం, పసుపు అడిగితే "అక్షింతలకా?" అంది తెలుగులో! వాళ్ల ముత్తాతలు రబ్బరు తోటల్లో పనికి శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లారట. యాస వేరు గానీ మాట మనదే. నెయ్యి చుక్క వేసి కలిపి మరీ తెచ్చింది.

పిన్నిగారు నా నెత్తిన అక్షింతలు వేశారు. మరి ఆవిడకెవరు వెయ్యాలి? మా బృందంలో డెబ్బై ఎనిమిదేళ్ల తాతగారొకరున్నారు. కర్ర పట్టుకుని లేచి వచ్చారు. ఆవిడ వంగి దణ్ణం పెడితే, "నిండు నూరేళ్లూ చల్లగా ఉండు తల్లీ" అని అక్షింతలు వేశారు. అప్పటిదాకా నవ్వుతున్న మనిషి కొంగు కళ్లకద్దుకున్నారు. మేమెవరం ఏమీ అనలేదు.

మర్నాడు బతు గుహల దగ్గర సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి 272 మెట్లు. ఆగుతూ ఆగుతూ ఆవిడ అన్నీ ఎక్కారు. "నిన్ననే పుట్టాను, ఓపిక లేకేం" అన్నారు!

ఇంటికి రాగానే మా అత్తయ్యని అడిగాను. "అత్తయ్యా, మీ పుట్టినరోజెప్పుడు?" పెళ్లయి పాతికేళ్లయింది, ఒక్కసారీ అడగలేదు సుమండీ! "మంచు బాగా పడే రోజుల్లో, పండగ ముందు అనేది మా అమ్మ" అన్నారు. అయితే భోగి అని ఖాయం చేశాం. 2025 భోగి నాడు ఆవిడకి తలంటి, కొత్త చీర పెట్టాను. అంతకుముందు నాగుల చవితి మర్నాడు, నేనే నోరు విప్పి ఇంట్లో చెప్పి పరమాన్నం వండుకున్నాను. చెప్పడంలో తప్పేం లేదని ఇప్పుడనిపిస్తోంది.

అందుకే చెబుతున్నాను. మీ అమ్మ ఉంటే ఇవాళే ఫోన్ చేసి తిథి, నక్షత్రం, వేళ అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ పిల్లలవి కూడా రాసిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకి పుట్టినరోజు తెలియకపోతే మీరే ఓ మంచి రోజు ఇచ్చేయండి. వాళ్లు వద్దంటారు. వినకండి.

టూర్‌లో పుట్టినరోజు వస్తే కొన్ని జాగ్రత్తలు. గుడ్డు లేని కేకు కావాలంటే మేనేజరుకి ఒకరోజు ముందే చెప్పండి. హోటల్ గదిలో కొవ్వొత్తి, అగరొత్తి వెలిగించొద్దు, పొగకి అలారం మోగుతుంది. సింగపూర్ మెట్రో రైల్లో మిఠాయి పంచకండి, తింటే 500 డాలర్ల దాకా జరిమానా వేస్తారు. నెయ్యి సీసా చేతి సంచిలో పెట్టొద్దు, విమానంలోకి రానివ్వరు. పెద్ద పెట్టెలో పెట్టండి.

సున్నుండలు ఎలా చేశానంటే: రెండు గ్లాసుల మినప్పప్పు, గుప్పెడు బియ్యం విడివిడిగా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. చల్లారాక మెత్తగా పట్టించి, గ్లాసున్నర బెల్లం తురుము కలపాలి. గోరువెచ్చటి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా ఉండలు కట్టాలి. వారం పది రోజులు చెక్కుచెదరవు. ఓ పది ఉండలు ఎక్కువే చెయ్యండి. బస్సులో ముందు సీటులో ఎవరుంటారో!