పేదవాని దావాకు వకీలెవరు?

ఉప్పలునకు తూర్పున, వరంగల్లు బాటపై నున్న పీర్జాదిగూడ ఒకప్పుడు పల్లె. 2019లో నగరపాలక సంస్థ యయ్యెను. పొలములు గజముల లెక్కన అమ్ముడుపోవు చోట వ్యాజ్యములు పెరుగుట సహజము. ఒకే స్థలమును ఇద్దరికి రిజిస్టరు చేయుట, హద్దు తగవులు, ఇల్లు ఖాళీ చేయించు దావాలు, అన్నదమ్ముల పంపకములు పెరుగుచున్న ప్రతి నగరపు అంచునను కానవచ్చునవే. 2022 జూనులో మేడ్చల్-మల్కాజిగిరికి ప్రత్యేకముగ జిల్లా న్యాయస్థాన మేర్పడినది. కోర్టు దగ్గరైనది, పేదవానికి వకీలు దగ్గరయ్యెనా?

చట్టమున లోభము లేదు. నిర్ధనుడు రుసుము చెల్లింపకయే దావా వేయుటకు 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడే వీలు కల్పించెను. బీదతనము కారణముగ నెవనికిని న్యాయము దక్కకుండ పోరాదని 1976లో 42వ సవరణచే రాజ్యాంగమున చేరిన 39ఎ అధికరణము ఆదేశించుచున్నది. 1987లో శాసనమై, 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చిన న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయముతో నిమిత్తము లేకయే సహాయము నొసగినది. ఇతరులకు ఆదాయపరిమితి కలదు. దానికి సాధారణముగ ప్రమాణపత్రము చాలును. సివిలు, క్రిమినలు అను భేదమును చట్టము పాటింపలేదు.

అయితే ఆ చట్టపు పీఠికలో రెండు విశేషణములున్నవి: ఉచితము, సమర్థము. మొదటిది సిద్ధించినది, రెండవదానికై సివిలు కక్షిదారు డింకను వేచియున్నాడు. 2022లో జాతీయ ప్రాధికార సంస్థ క్రిమినలు కేసులకై జీతముపై పూర్తికాలపు వకీళ్లను నియమించు పథకమును తెచ్చినది. అది మెచ్చదగిన పని. సివిలు దావా మాత్రము, తమ సొంత వృత్తి నడుపుకొనుచు కేసునకింత యను పారితోషికముపై పనిచేయు ప్యానెలు వకీళ్లకే మిగిలినది. పహాణీలు, లింకు దస్తావేజులు, సాక్షులు, వాయిదాలతో ఏండ్ల తరబడి సాగు దావాకు అల్ప పారితోషికము ఏపాటి ఓర్పును కొనగలదు?

లోక్ అదాలత్తు కలదు గదా యని కొందరందురు. మేమును దానిని గౌరవింతుము. అచ్చట రాజీ కుదిరినచో, చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. అందువలననే జాగ్రత్త యవసరము. ఒకవైపు అనుభవశాలియైన వకీలు, మరొకవైపు తన పత్రముల విలువ తానెరుగని మనిషి కూర్చున్నచోట కుదిరినది రాజీ కాదు, లొంగుబాటు. ముందు వకీలు, పిమ్మట రాజీ. ఇది తలక్రిందులు కారాదు.

పొదుపు పేరిట ఈ సేవను కుదించిన దేశముల అనుభవము మన కన్నులయెదుట నున్నది. 1949లో న్యాయసహాయ చట్టము చేసిన ఇంగ్లండు, 2012 నాటి మరియొక చట్టముచే కుటుంబ తగవులలో పెక్కింటికి ఆ సహాయమును తొలగించెను. ఫలితముగ, వకీలు లేక తమ వాదము తామే చెప్పుకొనువారితో అచ్చటి కుటుంబ న్యాయస్థానములు నిండెను.

ఇది పేదల గోడు మాత్రమేయని భూమిగల వారును, పట్టణ గృహస్థులును తలంపరాదు. ఎదిరి హాజరు కాలేనందున లభించిన ఏకపక్ష డిక్రీ, తగిన కారణము చూపినచో రద్దు కావచ్చును. దావా మొదటికి వచ్చును. ఇరుపక్షముల వాదము విని చెప్పిన తీర్పే కొనుగోలుదారునికి నిజమైన హక్కు. ఎదుటివానికి వకీలుండుట మన పట్టాకును రక్షయే.

గావున ప్రతి జిల్లాలోను సివిలు వ్యాజ్యములకు పూర్తికాలపు వకీళ్లను నియమింపవలెను. లోక్ అదాలత్తులో సంతకమునకు ముందు పేద కక్షిదారునకు వకీలు వేరుగ కూర్చుండి షరతులు వివరింపవలెను. సహాయము కోరుటకు 15100 అను ఫోను సంఖ్య కలదని ప్రతి బస్తీలోను ప్రకటింపవలెను. హక్కు ఇచ్చినవారు దానిని నిలుపు మనిషినికూడ ఇయ్యవలెను. అది దానము కాదు, రాజ్యము తీర్పవలసిన ఋణము.