మొక్క ఓర్చుకొన్న విషం

వానాకాలంలో ఒక ఉదయం రామగుండం పరిసరాలలో బూడిద చెరువు గట్టు మీదుగా నడుస్తుండగా, ఒక వృద్ధురాలు గలిజేరు ఆకు కోసుకొంటూ కనిపించింది. కాళ్ళవాపుకు కూర వండుకొంటుందట. ఇక్కడి ఆకు తినవద్దమ్మా అన్నాను. ఆమె నవ్వి, "గింత పచ్చగున్నది, దీంట్ల విషమెక్కడుంటది బిడ్డా?" అన్నది.

ఆమె ప్రశ్న తీసిపారవేయదగినది కాదు. విషమున్న చోట మొక్క వాడిపోవాలి కదా అన్నది మన ఇళ్ళలో చదువుకొన్నవారికి కూడా ఉన్న నమ్మకమే. ఆ నమ్మకం ఎందుకు తప్పో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సింగరేణి ప్రాంతంలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు వద్ద ఆరంభమైంది. గోదావరిఖని ఆ తరువాత వెలసిన గనుల పట్టణం. రామగుండంలోని ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం 1983లో ఉత్పత్తి ప్రారంభించింది. మన దేశపు బొగ్గులో సాధారణంగా 30 నుండి 45 శాతం వరకు బూడిద ఉంటుంది. బొగ్గు కాలిపోయినా అందులోని ఆర్సెనిక్, సీసం, కాడ్మియం, క్రోమియం వంటి మూలకాలు కాలి నశించవు. వాటిలో అధికభాగం బూడిదలోనే చిక్కబడి మిగులుతుంది. అయినా ఆ బూడిద గట్ల మీద, ఉపరితల గనుల మట్టి దిబ్బల మీద జిల్లేడు, సర్కారు తుమ్మ, రెల్లు, తంటెం దట్టంగా పెరుగుతూనే ఉంటాయి. నీరు నిలిచిన చోట జమ్ము పెరుగుతుంది.

ఇది ఎలా సాధ్యం? విషమున్న నేలలో మొక్క రెండు మార్గాలలో బ్రతుకుతుంది. కొన్ని మొక్కలు విషలోహాన్ని వేరు దగ్గరనే నిలిపి, పైకి పోనీయవు. మరికొన్ని దానిని లోపలికి తీసుకొని, ప్రత్యేకమైన పదార్థాలతో బంధించి, తమ కణాలలోని సంచులవంటి అరలలో దాచిపెడతాయి. రెండవ రకం మొక్కలో విషం నశించలేదు. మొక్కకు హాని చేయని చోట బందీగా ఉన్నది, అంతే. ఆ ఆకును మనం నమిలి మింగితే ఆ బందీ మన కడుపులో విడుదల అవుతుంది. ఒక జాతి ఫెర్ను మొక్క నేలలోని ఆర్సెనిక్‌ను అపారంగా పీల్చి ఆకులలో నింపుకొంటుందని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అంతటి విషాన్ని మోస్తూ కూడా అది ఆరోగ్యంగా పెరుగుతుంది. ఆకుపచ్చదనం మొక్క ఆరోగ్యానికి గుర్తే గాని, మన ఆరోగ్యానికి హామీ కాదు.

ఈ ఓర్పు ఒక్కొక్క మొక్క పట్టుదలతో సంపాదించుకొన్నది కాదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో పాత సీసపు, రాగి గనుల దిబ్బల మీద మొలిచిన గడ్డిని శాస్త్రజ్ఞులు దీర్ఘకాలం పరిశీలించారు. మామూలు పచ్చికబయలు విత్తనాలను ఆ మట్టిలో చల్లితే వేలాది మొలకలు చనిపోయి, పుట్టుకతోనే తట్టుకొనే గుణమున్న ఏ కొద్దిపాటివో మిగిలాయి. వాటి సంతానమే ఆ దిబ్బను ఆక్రమించింది. అనగా ప్రకృతి ఓర్పును నేర్పదు, ఓర్వలేనివాటిని ఏరివేస్తుంది. మనం చూస్తున్న పచ్చదనం వెనుక మనకు కనపడని ఆ చావులున్నాయి.

మనిషి కూడా ఇలా మారగలడా అని కొందరడుగుతారు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలలోని ఒక ప్రాంతపు ప్రజలు వేల సంవత్సరాలుగా ఆర్సెనిక్ కలిసిన నీరు త్రాగుతున్నారు. దానిని శరీరంలో త్వరగా మార్చి విసర్జించే జన్యులక్షణం వారిలో అధికంగా ఉన్నదని 2015లో తేలింది. కాని అందుకు పట్టిన కాలమెంత? ఎన్ని తరాలలో ఎందరు బిడ్డలు రాలిపోయి ఉంటారు? మన బొగ్గు పట్టణాల వయస్సు నాలుగైదు తరాలకు మించదు.

అంతదూరం పోనక్కరలేదు, మన నల్లగొండనే చూడండి. అక్కడి శిలల నుండి ఫ్లోరైడు బావినీటిలో చేరింది. తాతలు, తండ్రులు, మనుమలు అదే నీరు త్రాగారు. ఎవరి ఎముకలూ దానికి అలవాటు పడలేదు. పళ్ళు గారపట్టాయి, నడుములు వంగిపోయాయి. మారవలసి వచ్చింది మనిషి కాదు, త్రాగే నీరు. అదేవిధంగా బొగ్గుదుమ్ముకు అలవాటుపడిన ఊపిరితిత్తి లేదు. "మాకు అలవాటేనండీ" అనే కార్మికుని దగ్గు అలవాటు కాదు, వ్యాధి.

ఈ విషయం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. చరకసంహిత విమానస్థానంలో, ఉప్పును అతిగా వాడడానికి అలవాటుపడిన జనపదాల వారికి అకాలంలో జుట్టు నెరవడం, రాలడం, ముడతలు పడడం కలుగుతాయని, కనుక అలవాటైనదానిని కూడా క్రమంగా మానాలని చెప్పబడింది. అదే స్థానంలోని జనపదోద్ధ్వంస అధ్యాయం గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు ఓషధులు కూడా తమ గుణాన్ని కోల్పోతాయని హెచ్చరిస్తుంది. మొక్క పేరు ఒక్కటే మందు కాదు. అది పెరిగిన నేల కూడా మందులో భాగమే. మన ప్రభుత్వ ప్రమాణాలు సైతం మూలికా ఔషధాలలో సీసం పది లక్షల భాగాలకు 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలకు మించరాదని నిర్ణయించాయి. గట్టు మీద కోసిన ఆకును ఎవరు పరీక్షిస్తారు?

కావున గృహిణులకు నా మనవి. బూడిద చెరువులు, గనుల దిబ్బలు, లారీల రహదారులు, మురుగు కాలువల ప్రక్కన పెరిగిన ఆకును కూరకు గాని, కషాయానికి గాని వాడకండి. కడిగితే పైదుమ్ము పోతుంది, లోపలిది పోదు. మరిగిస్తే లోహం ఆవిరైపోదు. కట్టెల బూడిదకు మారుగా బొగ్గు బూడిదతో గిన్నెలు తోమడం, దానిని పెరటి పాదులకు వేయడం మానండి. తులసి, గలిజేరు, నేలవేము వంటివి శుభ్రమైన మట్టి నింపిన కుండీలలో సులభంగా పెరుగుతాయి.

బూడిద మీద పెరిగే మొక్కను నేను నిందించడం లేదు. దుమ్ము లేవకుండా నేలను పట్టి ఉంచి అది మనకు మేలే చేస్తున్నది. దానిని అక్కడే ఉండనిద్దాం. మొక్క ఓర్చుకొంటున్నది గదా అని, మనం కూడా ఓర్చుకోగలమనుకోవడం మాత్రం ప్రమాదం. ఆనాడు ఆ అవ్వకు ఇంత వివరంగా చెప్పలేకపోయాను. మా పెరటిలోని గలిజేరు ఒక కట్ట కోసి ఇచ్చి, వేరుతో ఒక మొక్కను కూడా ఆమె చేతిలో పెట్టాను.