కథానాయిక బరువు, రచయిత సిగ్గు

లావుపాటి అమ్మాయిని కథానాయికగా పెట్టి ప్రేమకథ రాస్తున్నామని చెప్పుకునేవాళ్లు తెలుగులో ఈమధ్య బాగా పెరిగారు. యాప్‌లలో రోజుకో భాగం చొప్పున వచ్చే ధారావాహికలు చదవండి, ఆడియో సీరియళ్లు వినండి. ఆమె బొద్దుగా ఉంటుంది, ముద్దుగా ఉంటుంది, అద్దం ముందు నిలబడి కుమిలిపోతుంది. అతను ఆరడుగులుంటాడు, కోట్లకు అధిపతి, జిమ్ములో చెక్కిన ఒళ్లు. 'ఇతను నన్నెందుకు ప్రేమిస్తాడు' అనుకుంటూ ఆమె ఎనభై భాగాలు నెట్టుకొస్తుంది. ఎనభై ఒకటో భాగంలో అతను 'నువ్విలాగే బాగున్నావ్' అంటాడు. ఆమె కళ్లు చెమ్మగిల్లుతాయి. శుభం.

దీన్ని కొందరు విప్లవమంటున్నారు. నేను మోసమంటాను. లావుపాటి అమ్మాయిల పక్షాన నిలబడినట్టు నటిస్తూ వాళ్ల సిగ్గునే సరుకు చేసి అమ్ముకుంటున్న కథలివి. ఆ సిగ్గును ఆమెకు అంటగట్టినవాళ్ల ఊసు ఎక్కడా ఎత్తరు. దాన్ని పోగొట్టిన ఘనత మాత్రం హీరో ఖాతాలో వేస్తారు. నా తగవంతా ఇక్కడే.

మొదట ఒళ్లు సంగతి. ఈ కథల్లో ఆమె లావు ఎక్కడుందో వెతకండి. బుగ్గల్లో ఉంటుంది. ఎదలో ఉంటుంది. పిరుదుల్లో ఉంటుంది. మగవాడి చూపు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే ఉంటుంది. పొట్ట మాత్రం ఉండదు. జాకెట్టు చెయ్యి బిగిసి జబ్బ మీద పడే ఎర్రటి గీత ఉండదు. ఎండాకాలంలో తొడలు ఒరుసుకుని మంటపుడితే పౌడరు చల్లుకుని ఆఫీసుకు పరిగెత్తే అమ్మాయి ఉండదు. మెడ వెనక నల్లటి మడత ఉండదు. ఇందులో కొత్త సాహసమేమీ లేదు. పదహారో శతాబ్దపు ప్రబంధకవులు చేసిందీ ఇదే. జఘనం బరువని, కుచభారానికి వంగిపోతోందని, ఏనుగులా మందగమనమని పద్యాల మీద పద్యాలు అల్లారు. నడుము దగ్గరికొచ్చేసరికి ఉందా లేదా అని సందేహపడి, ఆకాశంతో పోల్చి, శూన్యమని తేల్చి చేతులు దులుపుకున్నారు. ఐదొందల ఏళ్ల తర్వాత మన రచయితలు సీసపద్యం మానేశారు గాని ఆ కొలతలు మానలేదు.

ఇక ఎత్తుకునే సీను. అది లేకుండా ఈ రకం నవల పూర్తి కాదు. ఆమె కాలు బెణుకుతుంది, లేదా వానలో జారుతుంది. 'వద్దండీ, నేను బరువు' అంటుంది. అతను పూలదండను ఎత్తినట్టు ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కేస్తాడు. రచయిత దొరికిపోయేది అక్కడే. ఎనభై కిలోల మనిషిని ఎత్తితే ఎంతటివాడికైనా రొప్పు వస్తుంది, నడుం పట్టేస్తుంది. నాలుగు మెట్లకే దించేసి, ఇద్దరూ పక్కపక్కన కూలబడి, పొట్టలు పట్టుకుని నవ్వుకున్న జంటను రాయొచ్చు కదా. ప్రేమ అందులో పిసరంత కూడా తగ్గదు. కానీ రాయరు. ఆమె బరువు నిజంగా బరువేనని ఒప్పుకోవడానికి ఆమెకన్నా ముందు రచయితకే సిగ్గు.

ఒకప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివి ఆడపిల్లలు పాడైపోతున్నారని పెద్దమనుషులు తెగ బెంగపడ్డారు. ఆ నవలల్లోనూ హీరో అందగాడే, కారున్నవాడే. కానీ 1960లలో ధారావాహికగా వచ్చి ఇంటింటా చర్చ లేపిన 'సెక్రటరీ'లో జయంతిని చూడండి. ఆమెకు డబ్బు లేదు. లేదని కుంగిపోదు. హీరో రాజశేఖరం ఐశ్వర్యం ముందు తల వంచదు. ఆమె ఆత్మాభిమానమే కథను నడుపుతుంది. అతను ఎప్పుడు, ఎంత దిగివస్తాడన్నదే పాఠకురాలి ఉత్కంఠ. ఇప్పుడదే మూసలోంచి పేదరికాన్ని తీసి లావును పెట్టారు. హీరో అతనే, కారు కాస్త పెద్దదైంది. జయంతికున్న పొగరు ఒక్కటే మాయమైంది. లేమిని తలెత్తుకు మోసిన అమ్మాయి మనవరాలు తన ఒంటిని తలదించుకు మోస్తోంది. అరవై ఏళ్లలో మనం వేసిన ముందడుగు ఇదా?

'సెక్రటరీ'ని 1976లో సినిమాగా తీసింది కె.ఎస్.ప్రకాశరావు. ఆయన కుమారుడు కె.రాఘవేంద్రరావు కథానాయికల బొడ్డు మీద పూలూ పళ్లూ కురిపించడంలో తనకంటూ ఒక శైలి సంపాదించుకున్నారు. రాఘవేంద్రరావు కుమారుడు ప్రకాష్ కోవెలమూడి 2015లో 'సైజ్ జీరో' తీశారు. అందులో లావుపాటి నాయిక పాత్ర కోసం అనుష్క నిజంగానే ఒళ్లు పెంచారు. ఒక్క ఇంట్లో మూడు తరాల్లో తెలుగు కథానాయిక ఆత్మాభిమానం నుంచి బొడ్డుకు, బొడ్డు నుంచి బరువుకు ప్రయాణం చేసింది. 'సైజ్ జీరో' గొప్ప సినిమా అని నేననను. అయినా అది ఒక్క మంచిపని చేసింది. సన్నబరుస్తామని చెప్పి జనం జేబులు కొట్టే క్లినిక్‌ను వేలెత్తి చూపింది. ఈ సిగ్గు వెనక ఎవరి గల్లాపెట్టో నిండుతోందని చెప్పింది. మన ప్రేమకథలు ఆ మాత్రం కూడా చెప్పవు.

ఆ సిగ్గు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుగింట్లో పెరిగిన ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. 'ఇంకో గరిటె వేసుకో' అని కొసరి వడ్డించిన నోరే 'ఆ జబ్బలు చూడు' అంటుంది. పెళ్లింట్లో ఐదేళ్లకు కనబడిన అత్తయ్య ఏం చదువుతున్నావని అడగదు, 'ఏంటే ఇలా అయిపోయావ్' అంటుంది. సన్నగా ఉన్న పిల్లను 'ఎండిపోయావే' అనేదీ ఆవిడే. పెళ్లి బయోడేటాలో ఎత్తు రాస్తారు, బరువు రాయరు. అందుకే అవతలివాళ్లు 'ఫుల్ ఫోటో ఒకటి పంపండి' అంటారు. మొహం చూడ్డానికి కాదని అడిగేవాళ్లకూ తెలుసు, పంపేవాళ్లకూ తెలుసు. నచ్చకపోతే నచ్చలేదనరు, జాతకాలు కుదరలేదంటారు. కుదిరితే, 'అమ్మాయి కాస్త ఒళ్లు' అన్న మాట కట్నం లెక్కలో అంకెగా మారి కూర్చుంటుంది. 'పెళ్లయ్యేదాకా తగ్గు తల్లీ, తర్వాత నీ ఇష్టం' అని నాన్న అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది ప్రేమో బేరమో ఆ పిల్ల ఎప్పటికీ తేల్చుకోలేదు.

ఇంత సామగ్రి చేతిలో పెట్టుకుని మన రచయిత చేసే పనేమిటి? అమ్మాయిని ఒంటరిగా అద్దం ముందు నిలబెట్టడం. ఆ అద్దంలో ఆమె ఒక్కతే కనబడుతుంది. అత్తయ్య ఉండదు, పెళ్లిళ్ల పేరయ్య ఉండడు, ఫుల్ ఫోటో ఉండదు, కట్నం ఉండదు. దాంతో ఆ సిగ్గు ఆమెతోపాటు పుట్టిన జబ్బయిపోతుంది. జబ్బయితే వైద్యుడు కావాలి కాబట్టి హీరో దిగుతాడు. గాయం చేసినవాళ్లు పెళ్లి భోజనానికి ముందు వరసలో కూర్చుంటారు, గాయపడ్డ మనిషి రోగి అవుతుంది, దారినపోయేవాడు దేవుడవుతాడు. అతని మాటతో నయమైన సిగ్గు అతను మొహం తిప్పుకున్న రోజున తిరగబెట్టదా? ఆ రోజుకు ఆమె చేతిలో మందేముంది? వోల్గా 'రాజకీయ కథలు' రాసి ఆడపిల్ల జడ కూడా ఎవరి పెత్తనం కింద ఉంటుందో ఎప్పుడో చూపించారు. ఆ పాఠం తెలుగులోనే ఉంది. ప్రేమకథలు రాసేవాళ్లు దాని పక్కనుంచి నడిచి వెళ్లిపోతున్నారు.

ఎందుకంటే గిట్టుబాటు. ధారావాహికలో ప్రతి భాగం చివరా ఒక అనుమానం మిగలాలి, లేకపోతే పాఠకురాలు రేపు రాదు. కథానాయిక ఆత్మన్యూనత ఎంత తవ్వినా తరగని గని. అతను ఫోన్ ఎత్తకపోతే 'నేను లావు కాబట్టే'. అతని పక్కన సన్నటి అమ్మాయి నవ్వితే 'నేను లావు కాబట్టే'. ఆమె తనను తాను ఒక్కసారి నమ్మిందంటే ఈ దుకాణం మూతపడుతుంది. అందుకే నమ్మనివ్వరు.

ఇంగ్లిష్‌లో ఈ పేచీ ముందే నడిచింది. జూలియా క్విన్ 2002 నవల 'రొమాన్సింగ్ మిస్టర్ బ్రిడ్జర్టన్'లో నాయిక పెనెలొపి మీద హీరో మనసు పడే నాటికి ఆమె అప్పటికే సన్నబడి ఉంటుంది. 2024లో 'బ్రిడ్జర్టన్' మూడో సీజన్ ఆ ప్రేమకథనే చూపించింది. పెనెలొపిగా నటించిన నికోలా కాగ్లన్‌ను సన్నబరచలేదు, కొంపలేమీ మునగలేదు. టాలియా హిబర్ట్ 2019లో రాసిన 'గెట్ ఎ లైఫ్, క్లోయీ బ్రౌన్'లో నాయిక లావు మనిషే. అయితే ఆమె సమస్య లావు కాదు. ఒంటిని వదలని దీర్ఘకాలిక నొప్పి, దానివల్ల ఇరుకైపోయిన బతుకు. ఏమేం చెయ్యాలో తనే జాబితా రాసుకుని బయల్దేరుతుంది. ప్రేమ ఆ దారిలో తగులుతుంది. కోటీశ్వరుడొచ్చి లావుపాటి పిల్లను ఉద్ధరించే చెత్త అక్కడా గుట్టలుగా ఉంది. మనవాళ్లు ఏరి ఏరి తెచ్చుకున్నది ఆ గుట్టలోంచే.

నిజానికి అరువు తెచ్చుకోనక్కర్లేదు. 1957 'మాయాబజార్'లో పెళ్లిపీటల దగ్గర మాయాశశిరేఖ లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు తెలుగువాళ్లు పడీపడీ నవ్వారు, ఇప్పటికీ నవ్వుతున్నారు. ఆడపిల్ల బరువు ఆమె బలంగా, పెళ్లికొడుకు గుండెల్లో రైళ్లు పరిగెత్తించే ఆయుధంగా తెరమీద కనబడ్డ సన్నివేశమది. సావిత్రి ఆ దర్జా ఎంత ఇష్టంగా పోయారో చూడండి. కాకపోతే ఆ దర్జా పోవాలంటే శశిరేఖ వేషంలో ఘటోత్కచుడు ఉండాల్సి వచ్చింది. నేనడుగుతున్నది ఘటోత్కచుడు లేకుండా ఆ దర్జాను.

'ఆడవాళ్లకు నిజంగానే ఆ దిగులుంటుంది కదా, రాయొద్దా?' అంటారు. రాయండి, ఉన్నదున్నట్టు రాయండి. ఒంటి మీది దిగులు రోజంతా ఏడిపించదు. ట్రయల్ రూంలో జిప్పు ఎక్కనప్పుడు పొడుచుకొస్తుంది. షేర్ ఆటోలో 'అమ్మా, కాస్త సర్దుకోండి' అంటే చుర్రుమంటుంది. జీతం పడిన రోజు, అక్కాచెల్లెళ్లు అర్ధరాత్రి దాకా కబుర్లాడుకున్న రోజు గుర్తుకే రాదు. మీ కథానాయికను ఒకసారి టైలరు దగ్గరికి తీసుకెళ్లండి. జాకెట్టు పక్కల్లో గుడ్డ వదిలి రెండు మూడు వరసల కుట్టు వేస్తాడు. ఒళ్లొస్తే ఒక వరస విప్పుకుంటారు, తగ్గితే మళ్లీ వేయించుకుంటారు. ఆడవాళ్ల ఒళ్లు మారుతుందని అతనికి తెలుసు. విడ్డూరపడడు, ఓదార్చడు, టేపు పెట్టి అంకె చెప్పి పుస్తకంలో రాసుకుంటాడు. ఆ టైలరుకున్న ఇంగితం నవలా రచయితకు లేకపోతే ఎలా?

'లావు ఆరోగ్యానికి మంచిది కాదు, దాన్ని నెత్తికెక్కించుకోవద్దు' అని ఇంకొందరు. తాగి తాగి చచ్చిపోయిన దేవదాసును నెత్తికెక్కించుకుని ఊరేగించిన జాతి మనది. ప్రేమకథల హీరో పెట్టెలకు పెట్టెలు సిగరెట్లు ఊదితే అది విరహం. ఆమె రెండో లడ్డు తింటే మాత్రం ఆరోగ్య సమస్య! అంత ఆరోగ్యం మీద బెంగే ఉంటే, తెల్లారగట్ల థైరాయిడ్ మాత్ర వేసుకుని, కాఫీ కోసం అరగంట గడియారం చూస్తూ కూర్చునే కథానాయికను ఒక్కరైనా రాశారా? అలాంటి ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఈ నవలలు చదివేదీ వాళ్లే.

ఇంకోమాట. ఈ కథల్లో చూసేవాడు ఎప్పుడూ అతనే, చూపుకు నిలబడేది ఎప్పుడూ ఆమే. ఆమె కళ్లకు పనే లేదా? అతని పొట్టను, పలచబడ్డ జుట్టును, అన్నం కలుపుకునే చేతివేళ్లను ఆమె చూడకూడదా? చూసి కోరుకోకూడదా, కాదనకూడదా? బానపొట్టలతో, విగ్గులతో హీరోలు దశాబ్దాలపాటు మన తెరనేలారు. వాళ్లలో ఒక్కరైనా మొదటి రీల్లో అద్దం ముందు కుమిలిపోయారా?

కాబట్టి ఇలాంటి నవల రాస్తున్నవాళ్లకు నేను పెట్టేది ఒక్కటే పరీక్ష. మీ హీరోను రెండు అధ్యాయాల పాటు ఊరికి పంపండి. ఫోన్ కూడా చెయ్యనివ్వకండి. ఆ రెండు అధ్యాయాల్లో ఆమెకు చేసుకోవడానికి ఒక పని, నిలదీయడానికి ఒక అత్తయ్య, తెగేసి చెప్పడానికి ఒక మాట, ఇష్టంగా తినడానికి ఒక పూట మిగిలితే అతన్ని వెనక్కి పిలవండి, పెళ్లి చెయ్యండి, నేనే అక్షింతలు వేస్తాను. ఏమీ మిగలకపోతే మీరు రాసింది ఒక మగవాడి దయాగుణం మీద స్తోత్రం. స్తోత్రమని పేరు పెట్టి అచ్చేసుకోండి. లావుపాటి అమ్మాయి ప్రేమకథ అని మాత్రం అమ్మకండి.